కార్డు పోయిందా? ‘బ్లాక్ చేసేశాం సార్’ అన్న మాట నమ్మకండి

ఏ బ్యాంకో పేరు చెప్పను. మాల్ గేటు దగ్గర స్టాల్ పెట్టి, ‘లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నా’ అంటూ వెంటపడి క్రెడిట్ కార్డు అంటగడతారే, ఆ బాపతు. ఇప్పుడే బ్రాంచి నుంచి వచ్చా, ఇంకా ఒళ్లు మండుతోంది.

పోయిన నెల కోఠిలో పర్సు కొట్టేశారు. పెట్రోలు బంకులో 4,850 అని మెసేజ్ వచ్చేదాకా నాకు తెలియనే లేదు. 5,000 లోపు అయితే ట్యాప్ చేస్తే (కార్డును మెషీన్‌కి తాకిస్తే) చాలు, పిన్ అక్కర్లేదు. దొంగగారికి ఆ లెక్క బాగా తెలుసు. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. లోన్ కావాలంటే ఇది నొక్కండి, లిమిట్ పెంచాలంటే అది నొక్కండి... అన్నీ అయ్యాక ఒకాయన దొరికాడు. కార్డు పోయింది, బ్లాక్ చెయ్యండి అన్నా. ‘చేసేశాం సార్, నిశ్చింతగా ఉండండి’ అన్నాడు. అక్కడితో ఆగాడా? ‘ఇలాంటి టెన్షన్ లేకుండా మా దగ్గర కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్ ఉంది సార్...’ అని మొదలెట్టాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. వద్దు బాబూ అని పెట్టేశా. అప్పుడు టైమ్ 7:31.

7:52కి ఒక మొబైల్ షాపులో 4,900. 7:55కి అక్కడే ఇంకో 4,900. బ్లాకైన కార్డు మీద! మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి ఒకమ్మాయి ‘ఇప్పుడు బ్లాక్ చేస్తున్నాను సార్’ అంది. ఇప్పుడట!

ఈ ఖర్చులు నావి కావంటూ బ్యాంకుకి డిస్ప్యూట్ ఫారం, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, పోలీస్ స్టేషన్, అన్నీ అయ్యాయి. డబ్బు తాత్కాలికంగా వేశారు, తర్వాత చెప్పాపెట్టకుండా వెనక్కి లాక్కున్నారు. పైన వడ్డీ, దాని మీద జీఎస్టీ.

ఇవాళ బ్రాంచికి వెళ్తే అక్కడి ఆఫీసరు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, ‘కార్డు అక్కడ ఉంది కాబట్టే ట్యాప్ అయింది సార్’ అన్నాడు. కార్డు నా దగ్గర లేదనే కదా మహానుభావా నేను వచ్చింది! ఫోన్‌లో కాల్ లాగ్ చూపించా. చూశాడు. ‘కాల్ ఉంది సార్. కానీ ఆ కాల్‌లో మీరు ప్రొటెక్షన్ ప్లాన్ వివరాలు అడిగినట్టు ఉంది. బ్లాక్ రిక్వెస్టు 8:05కి వచ్చింది’ అన్నాడు.

అంటే నేను పర్సు పోగొట్టుకుని, బజారు మధ్యలో నిలబడి, వీళ్ల ప్లాన్ గురించి ముచ్చటపడి ఫోన్ చేశానన్నమాట! రికార్డింగ్ వినిపించండి అంటే ‘అది ఇంటర్నల్ సార్’. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘ఈ కాల్ రికార్డు చేయబడుతుంది’ అని వినిపించేది ఎవరి కోసమో మరి. చివర్లో ఓ ఉచిత సలహా: ‘ఇంట్లో పిల్లలెవరైనా వాడారేమో కనుక్కోండి.’ మావాడికి ఆరేళ్లండీ. పెట్రోలు కొట్టించుకుని, రెండు ఫోన్లు కొనుక్కుని వచ్చి హోంవర్క్ చేసుకున్నాడు కాబోలు!

మొదటి 4,850 సంగతి వదిలేయండి. మనం చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదేనని 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. ఆ మాటే అంటే ‘అవి గైడ్‌లైన్స్ సార్’ అని నవ్వాడు.

కార్డు పోతే ముందు యాప్‌లో మీరే బ్లాక్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ తర్వాతే ఫోన్. కంప్లైంట్ నంబరు చెప్పేదాకా లైన్ వదలొద్దు. ట్యాప్ వాడనివాళ్లు యాప్‌లో ఆ స్విచ్ ఇప్పుడే ఆపేయండి. ఫిర్యాదును బ్యాంకు కొట్టేసినా, 30 రోజులదాకా జవాబివ్వకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో వేయొచ్చు, పైసా ఖర్చు లేదు. నేను ఈ రాత్రికే వేస్తున్నా. ఆ 7:31 కాల్ రికార్డింగ్ తెప్పించమనే మొదట అడుగుతా.