మూడు నాస్ బాక్సులకు ఒకే లాగిన్: సాంబా ఏడీని చాలాకాలం వాడాక

నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) ఒకటే ఉన్నంతకాలం యూజర్లను దాంట్లోనే పెట్టుకుంటే సరిపోతుంది. రెండోది, మూడోది వచ్చాక మొదలవుతుంది తంటా. పాస్‌వర్డ్ మారిస్తే మూడుచోట్లా మార్చాలి, మానేసినవాళ్ల ఖాతా ఏదో ఒక బాక్సులో మిగిలిపోతుంది. రెండు ట్రూనాస్‌లు, ఒక సైనాలజీ (రెండూ నాస్ రకాలే) కలిపి, సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చే యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ: యూజర్ల ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే వ్యవస్థ) మీద నడుపుతున్న ఆఫీసు మాది. ఈ ఏర్పాటు పెట్టుకోమనే చెబుతాను, కాకపోతే కొన్ని సంగతులు మొదటిరోజే తేల్చుకోవాలి.

ఉత్త ఎల్‌డాప్ (ఖాతాల జాబితాను నెట్‌వర్క్‌లో అందించే మామూలు పద్ధతి) చాలదా అంటే, విండోస్ మెషీన్లు ఉన్నచోట చాలదు. ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్) షేర్ తెరుచుకోవాలంటే కెర్బెరోస్ (టికెట్లతో లాగిన్ చేయించే పద్ధతి) అయినా ఉండాలి, పాస్‌వర్డ్ తాలూకు ఎన్‌టీ హ్యాష్ (విండోస్ వాడే సంకేత రూపం) అయినా ఉండాలి. మామూలు ఎల్‌డాప్‌లో ఆ రెండూ ఉండవు. ఏడీలో రెండూ ఉంటాయి.

ఏడీని నడిపే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్‌కు, 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న డెబియన్ లినక్స్ మెషీన్ చాలు. దాన్ని నాస్ లోపలే వర్చువల్ మెషీన్ (వీఎం)గా పెట్టొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు నాస్ లేచేసరికి కంట్రోలర్ ఇంకా లేవదు. డొమైన్ పేరు చివర 'లోకల్' పెడితే ఎమ్‌డీఎన్‌ఎస్‌తో (లోకల్ నెట్‌వర్క్‌లో పేర్లు వెతికే పద్ధతి) గొడవ, మన సొంత డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ తీసుకోండి. నాస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. ప్రొవిజన్ (డొమైన్‌ను మొదటిసారి తయారుచెయ్యడం) చేసేముందు పాత సాంబా కాన్ఫిగ్ ఫైలు తీసెయ్యాలి, డీఎన్‌ఎస్ వాడే 53వ పోర్టును సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీసు పట్టుకుని ఉంటే ఆపాలి.

నాస్‌లో డీఎన్‌ఎస్‌గా (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) డొమైన్ కంట్రోలర్ల ఐపీలే ఉండాలి. 'ఎందుకైనా మంచిది' అని అదనంగా 8.8.8.8 లాంటి బయటి సర్వర్ రాస్తే, నాస్ డొమైన్‌లో జాయిన్ అయిపోతుంది కానీ అప్పుడప్పుడూ లాగిన్లు ఆగుతాయి. మన డొమైన్ ఎస్‌ఆర్‌వీ రికార్డులు (కంట్రోలర్ ఎక్కడుందో చెప్పే ఎంట్రీలు) బయటి సర్వర్‌కు తెలియవు కదా. టైమ్ సంగతీ అంతే. గడియారాల తేడా 5 నిమిషాలు మించితే కెర్బెరోస్ ఒప్పుకోదు. కంట్రోలర్‌గా పెట్టిన పాత మినీ పీసీలో గడియారం నడిపే సీఆర్2032 సెల్ అయిపోయి, కరెంటు పోయి వచ్చేసరికి తేదీ ఎక్కడికో పోతే, అన్ని నాస్‌లూ ఒకేసారి 'పాస్‌వర్డ్ తప్పు' అన్నట్టే ప్రవర్తిస్తాయి. ముందు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే సర్వీసు) చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఐడీమ్యాప్ (డొమైన్ యూజర్లకు నాస్‌లో నంబర్లు జతచేసే ఏర్పాటు) గురించి. డొమైన్ యూజర్‌కు ప్రతి బాక్సు ఒక యూఐడీ (యూజర్ నంబరు) ఇస్తుంది. టీడీబీ పద్ధతిలో ఎవరు ముందొస్తే వాళ్లకు ముందు నంబరు, కాబట్టి ఒకే మనిషికి బాక్సుకో నంబరు పడుతుంది. ఆర్‌ఐడీ (డొమైన్‌లో యూజర్‌కు ఉండే సొంత నంబరు) పద్ధతిలో అది లెక్క ప్రకారం వస్తుంది: నంబర్ల రేంజ్ 100000తో మొదలై, యూజర్ ఆర్‌ఐడీ 1105 అయితే యూఐడీ 101105. రేంజ్ అన్నిచోట్లా ఒకటే పెడితే నంబరూ ఒకటే. తేడా ఉన్నా ఎస్‌ఎంబీలో బయటపడదు. ఎన్‌ఎఫ్‌ఎస్ (లినక్స్ తరహా ఫైల్ షేరింగ్) మౌంట్ చేసినప్పుడో, నంబర్ల ప్రకారం ఆర్‌సింక్‌తో ఫైళ్లు కాపీ కొట్టినప్పుడో ఒకరి ఫైళ్లకు ఇంకొకరు యజమాని అయిపోతారు. తర్వాత రేంజ్ మారిస్తే ఉన్న డేటా అంతటికీ ఓనర్‌షిప్ తిరగరాయాలి. రేంజ్ మన చేతిలో లేని బాక్సును ఎస్‌ఎంబీకే పరిమితం చెయ్యండి.

పర్మిషన్లు మనుషులకు కాదు, గ్రూపులకే ఇవ్వండి. సాంబా డిఫాల్ట్‌గా పాస్‌వర్డ్ గడువు 42 రోజులు. షేర్లు మాత్రమే వాడేవాళ్లకు హెచ్చరిక కనబడదు, ఒక పొద్దున హఠాత్తుగా తలుపు మూసుకుంటుంది. గడువు పెంచడమో, తీసెయ్యడమో చెయ్యండి. ఖాతా డిజేబుల్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న ఎస్‌ఎంబీ సెషన్ నడుస్తూనే ఉండొచ్చు, దాన్ని నాస్‌లో విడిగా తెంచాలి. విండోస్ 1219 ఎర్రర్ చూపిస్తే ఆ పీసీ పాత లోకల్ ఖాతాతో నాస్‌కు ఇంకా కలిసే ఉందన్నమాట. ఆ కనెక్షన్లు తీసేసి మళ్లీ లాగిన్ అవ్వాలి.

రెండో కంట్రోలర్ తప్పనిసరి. సిస్‌వాల్ ఫోల్డర్‌ను (డొమైన్ పాలసీలు, స్క్రిప్టులు ఉండేది) రెండు కంట్రోలర్ల మధ్య సాంబా తనంతట తాను సింక్ చెయ్యదు, కానీ నాస్ లాగిన్లకు దాంతో పనిలేదు. బ్యాకప్ మాత్రం సాంబా సొంత డొమైన్ బ్యాకప్ కమాండ్‌తోనే తీయాలి. రెండు కంట్రోలర్లు ఉన్నప్పుడు ఒకదాన్ని వీఎం స్నాప్‌షాట్‌తో వెనక్కి తిప్పితే రెప్లికేషన్ (రెండింటి మధ్య డేటా సమన్వయం) పాడవుతుంది. ప్రతి నాస్‌లోనూ డొమైన్‌లో లేని పేరుతో ఒక లోకల్ అడ్మిన్ ఉంచి, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. రెండు కంట్రోలర్లూ పడిపోయిన రోజున లోపలికి వెళ్లడానికి అదొక్కటే దారి.