స్కిజోఫ్రేనియా అనుమానం వస్తే ఏది మేలు: ఆన్‌లైన్ ప్రశ్నలా, స్కానింగా, సైకియాట్రిస్టా?

డిగ్రీ చదివే అబ్బాయి కాలేజీ మానేశాడు, స్నానం మానేశాడు, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు, గదిలో ఎవరూ లేకపోయినా ఎవరికో జవాబు చెబుతుంటాడు. ఇది స్కిజోఫ్రేనియా కావచ్చు, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు గట్టిగా నమ్మడం లాంటివి ఉండే మానసిక జబ్బు. అప్పుడు ఇంట్లో ఒకరు ఫోన్‌లో టెస్టు వెతుకుతారు, ఇంకొకరు ముందు తలకి స్కాన్ తీయిద్దామంటారు, సైకియాట్రిస్టు మాట మాత్రం అందరికంటే చివర, అదీ గొంతు తగ్గించి వస్తుంది. నా ఉద్దేశంలో ఆ వరస తలకిందులుగా ఉంది.

ఫోన్‌లో కనిపించేవన్నీ పనికిరానివని అనను. ఇలాంటి లక్షణాల ఛాయలు ఉన్నాయేమో అడిగే పీక్యూ-16 అనే ప్రశ్నపత్రం డాక్టర్లు కూడా వాడేదే. 16 ప్రశ్నలు, ఆరు లేదా అంతకంటే ఎక్కువ వాటికి అవునంటే ఈ మనిషితో వివరంగా మాట్లాడి చూడాలని అర్థం. జబ్బు ఉందని మాత్రం కాదు. పైగా అది ఇప్పటికే ఏదో బాధతో సాయం కోసం వచ్చినవాళ్ల కోసం తయారైంది, ఊళ్లో అందరికీ పంచడానికి కాదు. లెక్క కోసం అనుకుందాం: వెయ్యిమందిలో పదిమందికి జబ్బు ఉంది, టెస్టు నూటికి తొంభైసార్లు సరిగ్గా చెబుతుంది. అది పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, కానీ ఏ జబ్బూ లేని 99 మందిని కూడా భయపెడుతుంది. టెన్షన్‌తో రాత్రంతా నిద్రలేని పిల్లలకి ఈ ఫలితం చూపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి ఎదురు సమస్య ఇంకా పెద్దది. పక్కింటివాళ్లు నిజంగానే కుట్ర చేస్తున్నారని నమ్మే మనిషి "మీకు లేనిపోని అనుమానాలు వస్తున్నాయా?" అన్న ప్రశ్నకి అవునని ఎందుకు రాస్తాడు? అన్నిటికీ కాదనే పెడతాడు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. అసలు ప్రమాదం ఆ హమ్మయ్యలోనే ఉంది.

స్కాన్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. స్కిజోఫ్రేనియా ఉందని చూపించే ఎంఆర్ఐ గానీ రక్తపరీక్ష గానీ ఇప్పటికి లేదు. పరీక్షలు రాసేది వేరే కారణం ఉందేమో చూడటానికి: థైరాయిడ్, బి12 లోపం, మూర్ఛ, మెదడు వాపు, గంజాయి లాంటి మత్తుపదార్థాలు, కొన్నిసార్లు స్టెరాయిడ్ మందులు. జ్వరం, ఫిట్స్, రెండు మూడు రోజుల్లోనే మనిషి పూర్తిగా అయోమయంలో పడటం, పెద్ద వయసులో మొదటిసారి ఇలా అవడం, వీటిలో ఏది ఉన్నా ఆ పరీక్షలు చాలా అవసరం, ఆలస్యం చేయకూడదు. అంతేగానీ రిపోర్టు నార్మల్ వచ్చిందని "వీడికి ఏం లేదు, నాటకాలు" అనడం పిల్లాడికి చేసే అన్యాయం.

ఇక సైకియాట్రిస్టు. ఆయన చేసేది పైకి మామూలు మాటల్లాగే కనిపిస్తుంది, కానీ తేలేది అక్కడే. ఆలోచన ఎలా సాగుతోంది, మాటకీ మాటకీ పొంతన ఉందా, గొంతులు వినిపిస్తుంటే అవి ఏమంటున్నాయి, చచ్చిపొమ్మని ఆజ్ఞాపిస్తున్నాయా, నిద్ర, తిండి, చదువు ఎప్పట్నుంచి దెబ్బతిన్నాయి, మనసు మరీ కుంగి ఉందా లేక మరీ రెచ్చిపోయి ఉందా, ఇవన్నీ అడుగుతారు, ఎందుకంటే మనసు కొన్నాళ్లు రెచ్చిపోయి కొన్నాళ్లు కుంగిపోయే బైపోలార్ జబ్బులోనూ తీవ్రమైన డిప్రెషన్‌లోనూ కూడా గొంతులు వినిపించొచ్చు. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. బోనాల జాతరలో పూనకం వచ్చిందనో, తండ్రి పోయిన కొత్తలో ఆయన పిలిచినట్టు వినిపించిందనో చెప్తే ఇక్కడి మనుషులు తెలిసిన డాక్టరు దాన్ని వెంటనే జబ్బు ఖాతాలో వేయరు. ప్రశ్నపత్రానికి ఆ తేడా తెలియదు.

అందుకే ఇంట్లోవాళ్లు కూడా వెళ్లాలి. మార్పు ఎప్పుడు మొదలైంది, ఏమేం అన్నాడు, ఏ మందులు వాడాడు, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్తే డాక్టరుకి ఏ స్కాన్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదటిరోజే పేరు చెప్పకపోతే డాక్టర్‌ని మార్చేయకండి. మానసిక జబ్బులు గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా వాళ్ల పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం స్కిజోఫ్రేనియా అనాలంటే ఇబ్బంది మొత్తం 6 నెలలైనా సాగాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం లక్షణాలు నెల రోజులు ఉంటే చాలు. ఈ రెండింట్లో నాకు ఐసీడీయే నచ్చుతుంది, 6 నెలలు అనే మాట వింటే మనవాళ్లు 6 నెలలు ఇంట్లోనే ఆగుతారు కాబట్టి. నిజానికి ఆ గడువు పేరు పెట్టడానికే, వైద్యం పేరు కోసం ఆగదు. మందు లేకుండా గడిచే కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

గుడికో దర్గాకో వెళ్తామంటే వెళ్లండి, దేవుడితో గొడవ లేదు. కానీ కొట్టడం, గొలుసులతో కట్టేయడం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, రెండూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులే. అబ్బాయి రానంటే మీరైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు కూడా సలహా అడగొచ్చు. చచ్చిపోతాననో ఎవరినో చంపుతాననో అంటుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఒంటరిగా వదలొద్దు, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.