"ఆరు గంటలు వస్తుంది" అని సాఫ్ట్‌వేర్ చూపిస్తే నమ్మకండి: అనంతపురంలో పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు జాగ్రత్త

అనంతపురంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కోసం తిరుగుతున్నవాళ్లు, ముఖ్యంగా ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు కొనాలనుకునేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. బ్యాటరీ సగం చచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ వేసి, ఆరు గంటలు వస్తుందని స్క్రీన్ మీదే చూపించి అమ్ముతున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ విడిగా డబ్బు. మా పిన్ని కొడుక్కి జరిగింది ఇదే. నేను ఒక కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ చూసుకుంటాను కాబట్టి వాడు తెచ్చి నా ముందు పెట్టాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే అంతా బయటపడింది. షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది.

వాళ్లది తాడిపత్రి. పిన్ని చీటీ ఎత్తిన డబ్బులో 23,500 పెట్టి కొన్నారు. ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసిన పద్నాలుగు అంగుళాల రకం. అలాంటివి కొనడం తప్పేం కాదు, గట్టిగా ఉంటాయి, ర్యామ్ కూడా పెంచుకోవచ్చు. షాపతను చార్జర్ పీకేసి స్క్రీన్ చూపించాడట: "చూడు తమ్ముడూ, ఐదు గంటల యాభై నిమిషాలు చూపిస్తాంది. ఈ సాఫ్ట్‌వేర్ పడితే బ్యాటరీ మళ్లీ పికప్ అయితాది. సంవత్సరానికి 1,500, నీకు కాబట్టి 1,200 చేస్తా. ఏం గాదు, నేనుండాను కదా." పిన్నికి కంప్యూటర్ తెలియదు. అంకె కళ్లముందే ఉంది కదా అని కట్టేసింది.

ఇంటికొచ్చాక నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, మెషీన్ ఈడ్చుకుంటూ నడిచింది. ఒకరోజు కరెంటు పోయినప్పుడు 34 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోయింది. ఫోన్ చేస్తే, "రెండు మూడుసార్లు పూర్తిగా దించి ఫుల్ చార్జ్ చెయ్, సెట్ అయితాది" అన్నారు. అది పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట. లిథియం అయాన్ బ్యాటరీని అలా దించి ఎక్కిస్తే శాతం చూపించే లెక్క కొంచెం సరిపడుతుందేమో గానీ, పోయిన కెపాసిటీ తిరిగి రాదు. లోపలి రసాయనం అరిగిపోతే దాన్ని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ అంటూ ఏదీ లేదు. ఎవరైనా ఉందంటే ఆ షాపులోంచి అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

మరి స్క్రీన్ మీద ఆ ఐదు గంటల యాభై నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

బ్రైట్‌నెస్ దాదాపు అడుగుకు దించారు. బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టారు. అసలు కిటుకు పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంది. అక్కడ ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఒక వరస ఉంటుంది, మామూలుగా 100 శాతం. వీళ్లు దాన్ని 45కి దించారు, అదీ చార్జర్ పెట్టి ఉన్నప్పుడు కూడా. ప్రాసెసర్ కాళ్లు కట్టేశాక, ఏ పనీ చేయని స్థితిలో ఆ ల్యాప్‌టాప్ నాలుగు వాట్లలోపే తాగుతుంది. ఆ క్షణంలో ఎంత తాగుతోందో దాంతో మిగిలిన చార్జ్‌ని భాగించి గంటలు చూపించడమే ఆ సాఫ్ట్‌వేర్ చేసేది. యూట్యూబ్ పెట్టినా, కోడ్ రన్ చేసినా ఆ అంకె కూలిపోతుంది. ట్యాంకులో సగమే నీళ్లుంటే కొళాయిని సన్నగా తిప్పి, చూశారా ఎంతసేపు వస్తున్నాయో అన్నట్టు.

నిజం చెప్పే అంకె విండోస్‌లోనే ఉచితంగా ఉంది. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కలిపి టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైల్ తయారవుతుంది, ఎక్కడ సేవ్ అయిందో కిందే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు వరసలుంటాయి. మొదటిది ఫ్యాక్టరీలో ఉన్నంత, రెండోది ఇప్పుడు పట్టేంత. మా వాడి దాంట్లో మొదటిది 48,000 మిల్లీవాట్ అవర్ (అంటే 48 వాట్ అవర్), రెండోది 21,900. అంటే సగం కూడా లేదు. మామూలు పనికి ఎనిమిది వాట్లు తాగుతుందనుకుంటే, కొత్తలో ఆరు గంటలు రావాల్సింది ఇప్పుడు రెండు ముప్పావు గంటలు. అదీ మధ్యలో టక్కున ఆగకపోతే.

విండోస్ కొత్తగా వేసి ఇస్తారు కాబట్టి రిపోర్ట్ కింద ఉండే పాత చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. కానీ ఈ రెండు అంకెలు బ్యాటరీలో ఉండే చిప్ నుంచే వస్తాయి, విండోస్ మార్చినంత మాత్రాన మారవు. లినక్స్ వేసిన మెషీన్ అయితే పవర్ సప్లై ఫోల్డర్‌లో ఇవే విలువలు కనిపిస్తాయి. సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు పూర్తిగా వాడి మళ్లీ నింపారో చెప్పే లెక్క, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఖాళీగా ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

ఇంకో విషయం నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఆ 1,200 రూపాయల సాఫ్ట్‌వేర్ పక్కనే, దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే రిమోట్ యాప్ ఒకటి, పాస్‌వర్డ్ ముందే పెట్టి, ఆన్ చేయగానే దానంతట అదే మొదలయ్యేలా వేసి ఉంచారు. "సపోర్ట్ కోసం" అట. ఈ మెషీన్‌లో కుర్రాడు బ్యాంకు లాగిన్ చేస్తాడు, ఫీజులు కడతాడు. మనం అనుమతి ఇవ్వకుండానే వేరేవాళ్లు లోపలికి రాగలిగే ఏర్పాటు బ్యాటరీ బాగు చేయడానికి ఎందుకు? మీ దాంట్లో అలాంటిది ఉంటే వెంటనే తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రిపోర్ట్ ప్రింట్ తీసుకుని షాపుకు వెళ్తే గొంతు మారింది. గొడవెందుకన్నా, కొత్త బ్యాటరీ వేయిస్తాను, 2,300 ఇవ్వండి అన్నాడు. పిన్ని ఇంకేం చేస్తుంది, ఇచ్చింది. ఇక్కడే రెండో మోసం. ఈసారి రిపోర్ట్‌లో రెండు అంకెలూ అచ్చం 48,000, సైకిల్స్ సున్నా. చూస్తే ముచ్చటగా ఉంది. కానీ చార్జర్ తీసి వీడియో పెడితే 58 శాతం దాకా బాగానే దిగి, అక్కడి నుంచి ఒక్క దూకుడులో 11కి పడింది. పాత సెల్స్ ఉన్న ప్యాక్‌కు చిప్ రీసెట్ చేసి ఇస్తే ఇలాగే ఉంటుంది. నిజంగా కొత్త బ్యాటరీకి కూడా ఒక్కోసారి రెండు అంకెలూ ఒకటే ఉండొచ్చు, కాబట్టి అదొక్కటే చూసి దొంగ అనలేం. ఈ దూకుడు మాత్రం అబద్ధం చెప్పదు. చిప్పే తప్పు చెబుతున్నప్పుడు శాతాన్నీ రిపోర్ట్‌నీ పక్కన పెట్టి, వీడియో ఎంతసేపు ఆడిందో గడియారంలో చూసుకోవాలి.

ఆ ప్యాక్ లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా లేదు. మన దేశంలో అమ్మే ఇలాంటి పోర్టబుల్ లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ తయారీదారుదో తెలుస్తుంది. బిగించే ముందే లేబుల్ ఫోటో తీసుకోండి, బిగించాక విప్పరు.

కాబట్టి షాపులో నిలబడే చేయాల్సింది ఇదీ. ముందు బ్రైట్‌నెస్ పైకి పెట్టమనండి. పవర్‌సీఎఫ్‌జీతోనే, స్లాష్ తర్వాత రిస్టోర్‌డీఫాల్ట్‌స్కీమ్స్ అని కొడితే వాళ్లు కెలికిన పవర్ ప్లాన్‌లన్నీ మొదటి స్థితికి వస్తాయి. బ్యాటరీ సేవర్‌ని మాత్రం విడిగా ఆపాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ వరస కనిపించదు. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, నాలుగైదు వీడియోలు ఒకేసారి పెట్టి సీపీయూ స్పీడ్ చూడండి. పని ఎక్కువైనా స్పీడ్ పైకి లేవకపోతే ఎక్కడో కట్టేశారు. ఆ తర్వాతే బ్యాటరీ రిపోర్ట్, ఆ తర్వాత కనీసం అరగంట చార్జర్ లేకుండా వీడియో. ఎండలో వచ్చాం, తొందరగా వెళ్లాలి అనుకోకండి. టీ తాగి వచ్చేలోపు తేలిపోతుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ధర ఎంత తగ్గించినా వద్దు.

బ్యాటరీ సాఫ్ట్‌వేర్లన్నీ దొంగవే అనడం లేదు. పనికొచ్చేవి కంపెనీలే ఉచితంగా ఇస్తాయి. లెనోవోకు వాంటేజ్, ఆసుస్‌కు మైఆసుస్, హెచ్‌పీలో చాలా మోడళ్లకు బయోస్‌లోనే (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే సెట్టింగ్స్) బ్యాటరీ హెల్త్ మేనేజర్, లినక్స్‌వాళ్లకు టీఎల్‌పీ. వీటిలో అసలు ప్రయోజనం చార్జింగ్‌ని 80 శాతం దగ్గరో అంతకు తక్కువలోనో ఆపడం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే గదిలో, ఎప్పుడూ చార్జర్ పెట్టి 100 శాతం మీద ఉంచితే లిథియం బ్యాటరీ తొందరగా పోతుంది, ఎందుకంటే వేడి, నిండు చార్జ్ రెండూ దానికి పడవు. రోజంతా టేబుల్ మీద చార్జర్‌తోనే వాడేవాళ్లు ఆ పరిమితి పెట్టుకోండి. పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూయకండి. అన్నట్టు, కొన్న ల్యాప్‌టాప్ 80 దగ్గర ఆగిపోతుంటే పాడైందని గొడవకు వెళ్లకండి, పాత ఓనర్ ఈ పరిమితి పెట్టి ఉండొచ్చు.

ఇక ఫిర్యాదు సంగతి. షాపువాళ్లు ఇచ్చింది జీఎస్టీ నంబర్ లేని ఎస్టిమేట్ చీటీ. అయినా ఫోన్‌పేలో కట్టిన వివరాలు, వాట్సాప్‌లో "బ్యాటరీ ఆరు గంటల గ్యారంటీ" అని వాళ్లే పెట్టిన మెసేజ్ ఉన్నాయి. వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. 5 లక్షల లోపు విలువైన వాటికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కాబట్టి పక్క జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అనంతపురం తిరగక్కర్లేదు.

1915కి వెళ్లాక షాపువాళ్లు ఫోన్ చేసి బ్యాటరీ తాలూకు 2,300 తిరిగిస్తామన్నారు. సాఫ్ట్‌వేర్ డబ్బు, ల్యాప్‌టాప్ ధరలో తగ్గింపు మాత్రం కుదరవట. పిన్ని ఒప్పుకోలేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టినవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే బ్యాటరీ రిపోర్ట్ తీసి, పేమెంట్ స్క్రీన్‌షాట్‌తో కలిపి మీ పేరు మీద విడిగా ఫిర్యాదు పెట్టండి. ఆ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఫోటోలు తీశాకే తీసేయండి.