కారు తలుపు గొడుగు క్లిప్పులు: ఒక వానాకాలం వాడి చూశాక

పాలకొల్లు నుంచి మొగల్తూరు వైపు ఉన్న మా రొయ్యల చెరువులకు వారానికి నాలుగైదుసార్లు కారులో వెళ్లి వస్తుంటాను. నిరుడు ఆషాఢంలో ఎడమవైపు ముందు సీటు దగ్గరి మ్యాటు ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. ఆ వైపు తడి కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది ఏసీ నీరు బయటకు పోయే గొట్టాన్ని కనుక నేనూ అదే పూడిందనుకున్నాను. రెండు రోజులు ఏసీ వేయకుండా తిరిగి చూశాను. అయినా రాత్రి వాన కురిసిన మర్నాడు కార్పెట్ కింద ఉండే మెత్తను పిండితే గ్లాసెడు నీళ్లు వచ్చాయి, తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది.

మెకానిక్ తలుపుకు లోపలివైపు ఉండే డోర్ ప్యాడ్ అనే పలకను ఊడదీసి, లోపలి రేకు మీద నీరు జారిన మట్టి చారను వేలితో చూపించి, "గ్లాసు బీడింగుది తప్పు కాదండీ, ఈ పిన్ను బెజ్జంలోంచి దిగుతున్నాయి, ఆయ్" అన్నాడు. రెండేళ్ల క్రితం ఆ తలుపుకు సొట్ట తీసిన టింకరింగ్ షాపువారు ప్యాడును రేకుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు (అతను పిన్ను అన్నది వీటినే) విరిగితే వాటి స్థానంలో వాషరు లేనివి బిగించి పంపారు; అప్పుడు నేనూ చూసుకోలేదు. బెజ్జాల చుట్టూ సిలికాన్ పూసేస్తే సరిపోతుందని మెకానిక్ చెప్పిన సలహాను మాత్రం ఒప్పుకోలేదు. సిలికాన్ పూసిన ప్యాడును మళ్లీ ఎప్పుడైనా తీయవలసి వస్తే క్లిప్పుతోపాటు ప్యాడుకు ఉన్న అట్ట కూడా చిరిగి వస్తుంది. చెన్నైలో ప్లాస్టిక్ విడిభాగాల కంపెనీలో తొమ్మిదేళ్లపాటు ఇలాంటి క్లిప్పుల డ్రాయింగులే గీసినవాణ్ణి కనుక, సరైన క్లిప్పు దొరికితే పూత అవసరం ఉండదని కూడా నాకు తెలుసు. అలా వెతికి భీమవరంలో కొన్న, తల కింద గొడుగులాంటి మెత్తని అంచు ఉన్న క్లిప్పుల ప్యాకెట్టు గురించే ఈ సమీక్ష. పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే షాపులో మూడు వేర్వేరు పేర్లతో ఉన్న ప్యాకెట్లలోని క్లిప్పుల మీద అచ్చు గుర్తులు ఒకే చోట ఒకే తీరుగా కనిపించాయి, అంటే పేర్లు వేరైనా సరుకు ఒకటే.

ముందుగా కారు తలుపు సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తలుపులోకి నీరు రాకూడదనుకుంటారు. నిజానికి తలుపులోకి నీరు వస్తుంది, వస్తుందని తెలిసే దాన్ని అలా చేస్తారు. అద్దం మీద పడిన వాన, అద్దం అంచున ఉండే బీడింగు రబ్బరును దాటి తలుపు కడుపులోకి దిగి, అడుగున ఉన్న కన్నాల గుండా బయటకు పోతుంది. ఆ కడుపుకూ మనం కూర్చునే గదికీ మధ్య లోపలి రేకు, దానికి అంటించిన ప్లాస్టిక్ తెర అడ్డుగా ఉంటాయి. ప్యాడును పట్టి ఉంచే క్లిప్పుల బెజ్జాల్లో కొన్ని ఆ తెర అంచుకు బయట పడతాయి, అక్కడ నీటిని ఆపవలసిన బాధ్యత పూర్తిగా క్లిప్పుదే. పైగా నీరు ఉండేది క్లిప్పు కాళ్ల వైపు, తల ఉండేది పొడి వైపు. కారు బయటి పక్కన ఉండే బీడింగు పట్టీల క్లిప్పు మీద పడే వాన దాని గొడుగును రేకుకు అదుముతుంది. తలుపు క్లిప్పు దగ్గర నీరు బెజ్జంలోంచి వచ్చి గొడుగును రేకు నుంచి పైకి లేపాలని చూస్తుంది. ఒకేలా కనిపించే రెండు క్లిప్పులు ఒక చోట నిలిచి, మరో చోట కారడానికి ఇదొక ప్రధాన కారణం.

మరి ఆ గొడుగును రేకుకు అదిమి ఉంచేది ఏది? క్లిప్పును బెజ్జంలోకి నొక్కినప్పుడు కాళ్లు ముడుచుకుని లోపలికి వెళ్లి, రేకు దాటాక మళ్లీ విచ్చుకుంటాయి. కాళ్ల వెనుక భాగం ఏటవాలుగా ఉంటుంది కనుక, అవి ఇంకా విచ్చుకోవాలని చేసే ప్రయత్నమంతా తలను రేకువైపు లాగడంగా మారుతుంది. లోపలికి పోయే వాలు మెల్లగా ఉంటే బొటనవేలితోనే దిగుతుంది, వెనుక వాలు నిలువుగా ఉంటే ఊడడం కష్టమవుతుంది. అయితే వెనుక వాలును మరీ నిలువుగా చేస్తే ఆ క్లిప్పు ఒక్క మందం రేకుకే సరిపోతుంది. పల్చటి రేకులో వదులై గొడుగు గాలిలో తేలుతుంది, మందపు రేకులో కాళ్లు పూర్తిగా విచ్చుకోవు. కాస్త వాలుగా చేస్తే రెండు మూడు మందాలకు పనికివస్తుంది గానీ పట్టు తగ్గుతుంది. డిజైను చేసేవాడి తలనొప్పి అంతా ఈ ఒక్క వాలు దగ్గరే. నేను గీసిన తొలి డ్రాయింగులలో ఒకదాన్ని మా పెద్ద ఇంజినీరు వెనక్కి పంపింది కూడా ఈ కోణం దగ్గరే.

ఈ క్లిప్పుల తయారీ రంగంలోని పాత కంపెనీలలో ఒకటైన రేమండ్‌ను 1865లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో స్థాపించారు. చేతి తొడుగుల తయారీకి పేరుపడ్డ ఆ ఊరిలో 1886లో ఆ కంపెనీ టిచ్ బటన్ తయారుచేసింది. జాకెట్టు టిచ్ బటన్ నొక్కితే టక్కుమని పడడానికీ, డోర్ ప్యాడును అరచేత్తో కొడితే క్లిప్పు టక్కుమని కూర్చోవడానికీ సూత్రంలో పెద్ద తేడా లేదు. తేడా నీటి దగ్గర మొదలవుతుంది.

నేను కొన్న ప్యాకెట్టులో 50 క్లిప్పులు, ధర 340 రూపాయలు. వాటి కాళ్లు గట్టి నైలాన్, గొడుగు రబ్బరు వంటి మెత్తని ప్లాస్టిక్. రెండూ ఒకే అచ్చులో ఒకదాని తర్వాత ఒకటి పోసినవి కనుక గొడుగు విడిగా ఊడి రాదు. అదే షాపులో స్పాంజి వాషరు అంటించిన రకం, ఏ వాషరూ లేని రకం కూడా కొన్ని తీసుకున్నాను. షాపు యజమాని ఓపిక గల మనిషి. ప్యాకెట్టు విప్పి, సన్నని కొలతలు తీసే వెర్నియరుతో కొలుస్తుంటే అడ్డు చెప్పలేదు సరికదా, "బాబాయ్ గారూ, ఇంత చూసి కొనేవాళ్లు లేరండీ" అంటూ టీ తెప్పించారు.

ఇంటికి వచ్చాక చిన్న పరీక్ష పెట్టాను. టింకరింగ్ షాపు బయట పడేసిన పాత తలుపులోంచి 0.7 మిల్లీమీటర్ల రేకు ముక్కలు మూడు కోయించి, ఒక్కొక్కదానికి నా కారు బెజ్జం కొలత 8.5 మిల్లీమీటర్లకు బెజ్జం వేసి, క్లిప్పులను కింది నుంచి గుచ్చాను. కాళ్లు పైకి వచ్చేలా ఉంచి, వాటి చుట్టూ అడుగు కోసిన నీళ్ల సీసాను అంటించి, జానెడు ఎత్తు నీరు పోశాను. కింద దినపత్రిక పరిచాను. వాషరు లేని క్లిప్పు కింద, నేను టీ తాగి కప్పు పెట్టేలోగానే, కాగితం మీద అర్ధరూపాయి అంత మచ్చ పడింది. సన్నటి సందు దొరికితే చాలు, లాంతరు వత్తికి కిరసనాయిలు ఎక్కినట్లు నీరు తనంతట తానే పాకుతుంది. స్పాంజి వాషరుది ఆ రాత్రికి నిలిచింది. గొడుగుదీ నిలిచింది, తెల్లవారి చూస్తే దాని తల చుట్టూ వేలితో తడిమినా చెమ్మ తగల్లేదు.

తేడా ఆ తర్వాత తెలిసింది. మూడింటినీ మూడేసి సార్లు పీకి మళ్లీ గుచ్చాను, ఎందుకంటే మన కారు తలుపు ప్యాడు దాని జీవితకాలంలో స్పీకరు కోసం ఒకసారి, అద్దం మోటారు కోసం ఒకసారి ఊడక తప్పదు. స్పాంజి వాషరు రెండోసారికే ఒక అంచున చిరిగింది, మూడోసారి నీరు పోస్తే తల చుట్టూ తడి వలయం కనిపించింది. దాన్ని కత్తిరించి నీటిలో ముంచి పిండితే నీరు కారింది. అంటే దాని గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉన్నాయి. అటువంటి స్పాంజి నీటిని ఆపకపోగా తాగి నిలవ ఉంచుకుని, రంగు లేచిన బెజ్జం అంచును రోజంతా తడిపి తుప్పు పట్టిస్తుంది. స్పాంజి రకమే కొనదలచినవారు షాపులోనే ఒక వాషరును నీటిలో పిండి చూడండి. నీరు కారకపోతే అది మూసిన గదుల నురుగు, పనికివస్తుంది. గొడుగు క్లిప్పు మూడుసార్ల తర్వాత కూడా చుక్క వదల్లేదు.

అయినా ఈ ప్యాకెట్టు మీద నాకు ఫిర్యాదులు ఉన్నాయి. మొదటిది, ఏ కొలత బెజ్జానికి, ఎంత మందం రేకుకు సరిపోతుందో దాని మీద ఎక్కడా లేదు. నేను 1.2 మిల్లీమీటర్ల రేకు మీద కూడా చూశాను, కాళ్లు సగమే విచ్చుకుని క్లిప్పు చేతి లాగుడుకే వచ్చేసింది. ఆ రెండు అంకెలు రాయని కంపెనీవారు, ఐపీ 67 అన్న ముద్ర మాత్రం పెద్ద అక్షరాలతో వేశారు. ఆ సంకేతంలో 6 దుమ్ముకు, 7 నీటికి సంబంధించినవి. 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి పోరాదని ఆ 7కు అర్థం. అయితే అది ఒక పెట్టెకో, ఫోనుకో, దీపానికో ఇచ్చే కొలత. ఏ రేకు, ఏ బెజ్జం అన్నది చెప్పకుండా విడి క్లిప్పుకు ఆ ముద్ర వేయడం, ఇంటిని చూడకుండా తాళంకప్పకు కితాబు ఇవ్వడమే అవుతుంది.

రెండో ఫిర్యాదు నాణ్యత గురించి. 50లో 3 క్లిప్పులకు గొడుగు అంచున అచ్చు కలిసిన చోట సన్నటి పొర మిగిలి ఉంది. ఆ పొర రేకుకూ గొడుగుకూ మధ్య పడితే అదే నీటికి దారి, కనుక వాటిని పక్కన పడేశాను. కొత్తగా విప్పిన ప్యాకెట్టులోంచి వెంటనే బిగించిన రెండింటికి కాళ్లు విరిగాయి, అయితే ఇది పూర్తిగా కంపెనీ తప్పు అనలేను. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటేనే సాగే గుణం వస్తుంది, ఎండిపోయి ఉంటే పెళుసుగా ఉంటుంది. నేను పనిచేసిన చోట దీనికోసం క్లిప్పులకు ప్రత్యేకంగా తేమ పట్టించేవాళ్లం. మన డెల్టాలో ఆ శ్రమ అక్కర్లేదు; మిగిలిన వాటిని పళ్లెంలో పోసి వారం రోజులు వరండాలో ఉంచాను, ఆ తర్వాత ఒక్కటీ విరగలేదు. తేమకు నైలాన్ కాస్త ఉబ్బుతుంది కూడా, అందుచేత బెజ్జానికి మరీ బిగువైన కొలత తీసుకోకూడదు.

బిగించేటప్పుడు క్లిప్పు కన్నా బెజ్జానికే ఎక్కువ సమయం పట్టింది. డ్రిల్లు వేసిన బెజ్జం అంచున మొనదేలిన పొర ఉంటే గొడుగు దాని మీద కూర్చుని ఒకవైపు లేస్తుంది. మెత్తని ఆకురాయితో దాన్ని తీసి, తేలిన రేకుకు రంగు అద్ది, ఆరాక గుచ్చాను. రెండు ముందు తలుపులకు కలిపి 18 క్లిప్పులు పట్టాయి. వాటిలో ఒకటి మాత్రం దసరా దాటాక కారడం మొదలుపెట్టింది. ప్యాడు తీసి చూస్తే, పూర్వం ఎవరో స్క్రూడ్రైవరుతో పెకలించినప్పుడు ఆ బెజ్జం కోడిగుడ్డులా సాగింది, గొడుగు ఒక మూల దాన్ని కప్పలేకపోయింది. అక్కడ పెద్ద గొడుగు ఉన్న వేరే క్లిప్పు వేశాక నిలిచింది. మిగిలిన 17 క్లిప్పులు జూలై నుంచి నవంబరు తుపాను వాన దాకా, చేపల లారీల నుంచి కారే ఐసు నీరు చిమ్మే 216 జాతీయ రహదారి మీద తిరిగినా, చుక్క నీరు లోపలికి రానివ్వలేదు.

పి.గన్నవరం దగ్గర ఉండే మా బావమరిది ఇవన్నీ చూసి, "అయితే బావగారూ, వరదల్లో కాజ్‌వే మీద కారు దించేయొచ్చా?" అని అడిగాడు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇచ్చే సరికే లంకల దారులు నీటి కిందకు పోతుంటాయి. అంత నీటిలో దిగితే, నీరు పోవడానికి తలుపు అడుగున పెట్టిన కన్నాల గుండానే లోపలికి ఎక్కుతుంది, ఈ క్లిప్పుకు అక్కడ పనే లేదు. నేల రేకుకు, డిక్కీ అడుగుకు ఉండే పెద్ద బెజ్జాలకు కూడా ఇది వద్దు. వాటికి అంచు పట్టే రబ్బరు బిరడాలు విడిగా దొరుకుతాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. బెజ్జం కొలత, రేకు మందం ప్యాకెట్టు మీద రాసి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. కారు కంపెనీ ఒరిజినల్ క్లిప్పు ఒక్కొక్కటి 22 రూపాయలు చెప్పారు, దాని గొడుగు అంచు ఇంకా పల్చగా, నునుపుగా ఉంది. రెండు మూడు క్లిప్పులే మార్చుకోవలసినవారు అదే తీసుకోవడం మేలు. నా దగ్గర ఇంకా 27 మిగిలాయి, వెనుక తలుపుల ప్యాడ్లు ఈ వేసవిలో తీయిస్తాను.