ఫిలడెల్ఫియా మ్యూరల్ ఆర్ట్స్: కేసుకు బదులు కుంచె

స్వదేశం నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఫిలడెల్ఫియాలోని లిబర్టీ బెల్, ఇండిపెండెన్స్ హాల్ చూపించడం న్యూజెర్సీ తెలుగు కుటుంబాల్లో ఆనవాయితీ. ఈసారి మంగళగిరి నుంచి వచ్చిన మా అమ్మకు ఆ రెండింటితో పాటు ఫిలడెల్ఫియా గోడలు కూడా చూపించాలనుకున్నాను. ఆ నగరంలో మ్యూరల్ ఆర్ట్స్ అనే సంస్థ ఇప్పటివరకు నాలుగు వేలకు పైగా కుడ్యచిత్రాలు, ఇతర కళాకృతులు వేయించింది. వాటిని చూడడానికి రైలులో, ట్రాలీలో, కాలినడకన యాత్రలు కూడా నడుపుతుంది. బొమ్మలు అందంగా ఉన్నాయని చెప్పి ఊరుకోవడానికి ఈ సమీక్ష రాయడం లేదు. పోలీసు కేసుతో మొదలై జైలుతో ముగియవలసిన కథను ఒక నగరం మరో దారి పట్టించాలని చూసింది. ఆ ప్రయత్నం ఎలా ఉందో దగ్గరగా చూసి వచ్చిన మనిషిగా చెప్పాలనుకుంటున్నాను.

ముందు దాని పుట్టుక గురించి చెప్పాలి. గోడల మీద పేర్లు రాసే ఆధునిక గ్రాఫిటీకి ఆద్యుడని చాలామంది చెప్పే డారిల్ మక్రే ఈ నగరం వాడే. 1960లలో బాల నేరస్థుల సంస్కరణ కేంద్రంలో ఉన్నప్పుడు ‘కార్న్‌బ్రెడ్’ అనే తన మారుపేరును గోడల మీద రాయడం మొదలుపెట్టి, బయటికి వచ్చాక నగరమంతా రాశాడు. కుర్రవాణ్ణి దిద్దడానికి పెట్టిన నాలుగు గోడల మధ్యే ఆ అలవాటు మొదలైందన్న సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. 1984 నాటికి ఈ రాతలు నగరానికి పెద్ద తలనొప్పిగా మారాయి. అప్పుడు మేయర్ విల్సన్ గూడ్ యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్ అనే విభాగాన్ని పెట్టాడు. ఇకపై గోడలు పాడుచేయబోమని ప్రమాణపత్రం మీద సంతకం చేసిన కుర్రవాళ్ళ మీద కేసులు పెట్టేవారు కాదు; వాళ్ళు గోడలు శుభ్రం చేసే పనిలో, ఆ తర్వాత బొమ్మలు వేసే పనిలో చేరే వీలుండేది. ఆ పని నేర్పడానికి వచ్చిన జేన్ గోల్డెన్ అనే యువ చిత్రకారిణికి వాళ్ళలో నేరస్థుల కంటే ముందు గీత తెలిసిన చేతులు కనిపించాయి. 1996లో ఈ విభాగం మ్యూరల్ ఆర్ట్స్‌గా మారింది. ఆమె దశాబ్దాల పాటు దానికి నాయకత్వం వహించింది.

మేము మొదట చూసినవి వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఉన్న ‘లవ్ లెటర్’ చిత్రాలు. ఒకప్పుడు ఈ ప్రాంతంలోనే గ్రాఫిటీ రాసిన స్టీవ్ పవర్స్ 2009లో మార్కెట్ వీధి పొడవునా మేడల గోడల మీద యాభై చిత్రాలు వేయించాడు. అవన్నీ కలిపి ఒకే ప్రేమలేఖ. నేల మీద నిలబడితే వాటిలో చాలావరకు సరిగ్గా కనిపించవు. సొరంగంలోంచి పైకి వచ్చి ఎత్తైన వంతెన మీద పరుగెత్తే రైలు కిటికీలోంచి చూస్తేనే ఆ లేఖ చదవగలం. ఒక గోడ తనను 52వ వీధిలో కలుసుకోమని, యాభై సెకన్లే అయినా చాలని అడుగుతుంది. నాకు తోచినంతవరకు ఇక్కడ అసలు విశేషం చిత్రకళ కంటే ఆ చోటును ఎంచుకోవడంలో ఉంది. పోలీసుల కంటపడకుండా ఏ మేడ గోడ రైలు ప్రయాణికులకు బాగా కనబడుతుందో కనిపెట్టడం గ్రాఫిటీ కుర్రవాళ్ళ విద్య. అదే విద్య ఇక్కడ ఇంటి యజమాని అనుమతితో, పగటి వెలుతురులో పనికి వచ్చింది.

ఆ తర్వాత చేతికి అందే ఎత్తులో ఉన్న ఒక కుడ్యచిత్రం దగ్గర ఆగాము. నేను నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం బొమ్మను చూస్తుంటే, మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగిన మా అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి వేలితో తడిమి, “ఇది గోడకు వేసిన రంగు కాదురా, గుడ్డ. ఇదిగో ఇక్కడ అతుకు” అంది. నిజమే. పరిశీలించి చూస్తే రెండు ముక్కలు కలిసిన చోట గోరంత గీత, గుడ్డ కింద ఇటుకల మధ్య సున్నపు గీతలు కనిపించాయి. ఈ సంస్థ చాలా చిత్రాలను పారాచూట్ గుడ్డ అని పిలిచే పలుచని వస్త్రం మీద, ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న ముక్కలుగా వేయిస్తుంది. ఏ గడిలో ఏ రంగు వేయాలో ముందే గుర్తులు వేసి ఉంచుతారు కనుక, కుంచె ఎన్నడూ పట్టని వాళ్ళు కూడా అందులో పాలుపంచుకోగలరు. తర్వాత ఆ ముక్కలను యాక్రిలిక్ జిగురుతో గోడకు అతికిస్తారు. వినడానికి ఇది చిన్న సాంకేతిక వివరంలా ఉంటుంది కానీ, గోడ దగ్గరికి రాలేని మనిషి దగ్గరికి గోడే వెళ్ళడానికి వీలు కల్పించింది ఈ గుడ్డే.

గ్రేటర్‌ఫర్డ్ జైలు ఖైదీలు ఈ విధంగానే నగరంలోని గోడలకు బొమ్మలు వేశారు. 2004లో పూర్తయిన ‘హీలింగ్ వాల్స్’ అనే జంట చిత్రాల్లో ఒకటి ఖైదీల ప్రయాణం, మరొకటి నేరాల వల్ల నష్టపోయినవాళ్ళ ప్రయాణం. జర్మన్‌టౌన్ అవెన్యూలో ఉన్న ఈ చిత్రాల కోసం ఖైదీలు, బాధితులు జైలు లోపల కలిసి పనిచేశారు. ఇది జైలుకు ప్రత్యామ్నాయం కాదని, జైలు లోపలే జరిగిన పని అని స్పష్టంగా చెప్పాలి. అయినా ఈ సంస్థ చేసిన పనులన్నిటిలో నన్ను బాగా కదిలించింది ఇదే. బాధితుల దుఃఖానికి విడిగా ఒక పూర్తి గోడను కేటాయించడం వల్ల, నేరం చేసినవాళ్ళ పట్ల జాలి చూపించే క్రమంలో నష్టపోయినవాళ్ళను మరిచిపోయారన్న మాట ఇక్కడ పడదు.

ఇదంతా చెబుతుంటే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “మరి వాళ్ళకు కూలి ఇచ్చారా?” అని. నా దృష్టిలో ఇటువంటి కార్యక్రమం దేన్నయినా అంచనా వేయవలసింది ఈ ప్రశ్నతోనే. మ్యూరల్ ఆర్ట్స్ నడిపే ‘గిల్డ్’ అనే విభాగంలో జైలు నుంచి విడుదలైనవాళ్ళకు, ప్రొబేషన్ మీద, అంటే జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణలో ఉన్న యువతకు చిత్రాలు వేయడం, వడ్రంగం వంటి పనులు జీతమిచ్చి నేర్పుతారు. మన దేశంలో 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను మొదటిసారిగా శిక్షల జాబితాలో చేర్చింది. ఐదు వేల రూపాయల లోపు విలువైన సొత్తును మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చేసిన వ్యక్తికి జైలుకు బదులు ఈ శిక్ష వేస్తారు. ఇది మంచి మార్పే. అయితే ఆ పనికి ప్రతిఫలం ఉండదని నేర విచారణ పద్ధతులను నిర్ణయించే భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. శిక్షగా చేసే పనికి డబ్బెందుకనే వాదనను నేను కాదనను. కానీ రోజు కూలి మీద బతికే కుర్రవాడు రోజంతా ఉచితంగా చీపురు పట్టి ఇంటికి వెళితే అతని చేతిలో మిగిలేది ఏమిటి? పని నేర్చుకుని, జీతం తీసుకుని, తాను రంగు వేసిన గోడను తన తల్లికి చూపించగలిగిన కుర్రవాడి పరిస్థితి వేరు.

లోపాలు లేవని చెప్పను. ఎంత మంచి కార్యక్రమమైనా కొద్దిమందికే అందుతుంది. మిగిలినవాళ్ళకు కోర్టు, జైలు అలాగే ఉంటాయి. గోడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం సులువు గానీ, ఎన్ని జీవితాలు దారికి వచ్చాయో ఆ లెక్కలోంచి తెలియదు. పక్క ఖాళీ స్థలంలో కొత్త భవనం లేస్తే చిత్రం దాని వెనక మరుగున పడిపోతుంది. ఎందరో కలిసి వేసిన బొమ్మకు అంతకంటే గట్టి రక్షణ ఉండాలని నాకనిపిస్తుంది.

చూడాలనుకునేవాళ్ళకు నా సలహా ఇది. సమయం తక్కువగా ఉంటే రైలు చిత్రాలతో మొదలుపెట్టండి; వెళ్ళేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు రెండో వైపు కిటికీ దగ్గర కూర్చోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే నడక యాత్రకు బదులు ట్రాలీ ఎంచుకోండి. జర్మన్‌టౌన్ అవెన్యూకు పగటిపూట, తీరిక చూసుకుని వెళ్ళండి. అక్కడ రెండు గోడల్లో ఒక్కదాన్నే చూసి తిరిగి రావద్దు. బాధితుల గోడను ముందు చూడండి.