పద్నాలుగు మంది, ఎనిమిది మంది: ఎవరు కథలో ఉన్నారు?

1994లో వచ్చిన వీడియో గేమ్ ఫైనల్ ఫాంటసీ 6లో ఆటగాడి చేతికి వచ్చే పాత్రలు 14; 2018 నాటి మరో గేమ్ ఆక్టోపాత్ ట్రావెలర్‌లో 8. సంఖ్య తక్కువైనా రెండోదానిలోనే పాత్రలు ఒకరికొకరు దూరంగా మిగిలిపోయాయి. ఆ ఎనిమిది మందిలో ఒకరైన ప్రిమ్‌రోజ్ తన తండ్రిని చంపినవారిని నిలదీసే ఘట్టంలో, అప్పటిదాకా పక్కన నిలిచి పోరాడిన సహచరులు ఒక్కరూ కనిపించరు. ఎనిమిది కథలనూ కలిపే ముడి లేకపోలేదు గాని, అది అన్ని కథలూ ముగిశాక, వెతికితేనే దొరుకుతుంది.

మొదటిదానిలో, లోకం కూలిపోయిన ఏడాదికి ఒంటరి దీవిలో మేల్కొన్న సెలెస్ అనే పాత్ర, ఆశ పూర్తిగా ఉడిగిన వేళ ఒక పక్షికి కట్టి ఉన్న, తన సహచరుడు లాక్ తలగుడ్డను చూసి మళ్లీ బయలుదేరుతుంది. ఆ తర్వాత ఎడ్గర్, సెట్జర్ తప్ప తక్కిన సహచరులను వెతకడం మన ఇష్టమే అయినా, వారిలో చాలామంది గాయాలకు మూలం లోకాన్ని కూల్చిన ప్రతినాయకుడు కెఫ్కాయే కనుక, ఎవరిని కలిసినా ప్రధాన కథే ముందుకు సాగినట్లుంటుంది. గోగో, ఉమారో అనే పాత్రలు మాత్రం ఇందుకు మినహాయింపు.