అట్రాసిటీకి తెలుగులో ఏ మాట మేలు: అత్యాచారమా, దారుణమా, దౌర్జన్యమా?

పరమ చెడ్డదనాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో విశేషణాలకు కొదువ లేదు గానీ, వాటిలో నల్లగొండ, పాలమూరు పల్లెల దాకా చేరింది ఒక్క మాటల కుటుంబమే. ‘అట్రోషస్’ అనే విశేషణం పాఠ్యపుస్తకం దాటి బయటికి రాలేదు. దాని తోబుట్టువైన ‘అట్రాసిటీ’ మాత్రం అక్షరం ముక్క రానివాళ్ల నోట కూడా పలుకుతుంది. ‘అట్రాసిటీ కేసు పెట్టిండు’ అంటే దేవరకొండ తండాలోనైనా, అచ్చంపేట సంతలోనైనా అర్థమేమిటని అడిగేవారుండరు. అయితే అర్జీ రాసేటప్పుడో, ఇంగ్లీషు తీర్పును తెలుగులో వివరించేటప్పుడో ఆ మాటను అలాగే ఉంచాలా, తెలుగు మాట పెట్టాలా, పెడితే ఏది పెట్టాలి అన్నది ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు.

ముందు మూలం చూద్దాం. లాటిన్‌లో ‘అట్రోక్స్’ అంటే క్రూరమైనది, భీకరమైనది. ఇందులో మొదటి భాగమైన ‘ఆటెర్’కు నలుపు అని అర్థం, అదీ మెరుపు లేని నలుపు, నిగనిగలాడే నలుపుకు లాటిన్‌లో ‘నిగెర్’ అని వేరే మాట ఉంది. రెండో భాగం కంటికీ చూపుకూ సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది. మన ‘అక్షి’, లాటిన్ ‘ఓకులుస్’ కూడా ఆ వేరు నుంచి పుట్టినవే. రెండూ కలిస్తే చూడడానికే నల్లగా, భయం గొలిపేలా ఉన్నదని అర్థం వస్తుంది. మనకు కోపం వస్తే కండ్లు ఎర్రబడతాయి, రోమన్ల భాషలో క్రౌర్యానికి నలుపు అంటింది. ఊరి పేరులోనే నలుపున్న నల్లగొండ వాళ్లకు, నల్లరేగడి భూమి ఉన్నవాడిని అదృష్టవంతుడనే రైతులకు ఈ ఊహ అంత తొందరగా మింగుడుపడదు. ‘అట్రోషస్’ 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరి, పోనుపోను పలచబడి, వాన గురించి, వంట గురించి, చేతిరాత గురించి కూడా అనదగిన మాటయింది. నామవాచకం అంతగా పలచబడలేదు.

మన దగ్గర ఆ నామవాచకానికి బలమిచ్చింది 1989లో పార్లమెంటు చేసిన ఎస్సీ, ఎస్టీ చట్టం. ఆ చట్టం అట్రాసిటీని క్రూరత్వపు మోతాదును బట్టి నిర్వచించలేదు; మూడో సెక్షన్ కింద శిక్షించదగిన నేరమే అట్రాసిటీ అని చెప్పి ఊరుకుంది. ఆ సెక్షన్‌లో పెద్ద నేరాలతో పాటు, దళితుల, గిరిజనుల భూమిని అన్యాయంగా ఆక్రమించడం, వాళ్లు వాడుకునే నీటిని పాడుచేయడం, నలుగురూ చూసే చోట కులం పేరుతో అవమానించడం, ఆనవాయితీగా నడిచే దారిని అడ్డగించడం కూడా ఉన్నాయి. 2016లో అమలులోకి వచ్చిన సవరణతో చెప్పుల దండ వేయడం, సాంఘిక బహిష్కరణ వంటివి కూడా చేరాయి. కాబట్టి మనం ఎంచుకునే తెలుగు మాట ఇంత విస్తీర్ణాన్ని మోయగలగాలి.

ఈ చట్టాన్ని తెలుగులో ఎక్కువగా ‘అత్యాచారాల నిరోధక చట్టం’ అని రాస్తూ వచ్చారు. ‘అతి’, ‘ఆచారం’ కలిసిన ఈ మాటకు హద్దు మీరిన నడత అని అర్థం కనుక, నిఘంటువు ప్రకారం తప్పు పట్టలేము. హిందీలో నేటికీ అత్యాచార్ అంటే పీడన, జులుం అనే అర్థమే నడుస్తున్నది కాబట్టి అక్కడ ఆ పేరు చక్కగా అతికింది. తెలుగులో మాత్రం పత్రికల వాడుక వల్ల ఈ మాట లైంగిక దాడికే అంకితమైపోయింది. బోరు దగ్గర నీళ్లు పట్టుకోనియ్యకుండా కులం పేరుతో తిట్టారని ఫిర్యాదు చేసిన ఆడమనిషి అర్జీలో ‘నాపై అత్యాచారం జరిగినది’ అని రాసి ఉంటే, చదివేవాడు ఏమనుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. జరిగినది ఒకటి, కాగితం చెప్పేది మరొకటి అయితే అవతలి పక్షం వకీలుకు అంతకంటే కావలసిందేముంది? చట్టం పేరుగా ఇది చాలాచోట్ల స్థిరపడింది కనుక అక్కడ ఉండనివ్వవచ్చు గానీ, జరిగిన సంగతిని చెప్పడానికి ఇది పనికిరాదని నా అభిప్రాయం.

‘దారుణం’ది వేరే ఇబ్బంది. సంస్కృతంలో ఇది మృదువుకు వ్యతిరేకం, అంటే కఠినమైనది, కర్కశమైనది. పంచాంగంలో ఆరుద్ర, ఆశ్లేష, జ్యేష్ఠ, మూల దారుణ నక్షత్రాలు అన్నప్పుడు ఆ పాత అర్థమే వినిపిస్తుంది. భావం రీత్యా ‘అట్రోక్స్’కు అన్నిటికన్నా దగ్గరి మాట ఇదే. కానీ రోజూ టీవీలో ‘దారుణం’ అనే శీర్షిక చూసిచూసి నెత్తురు పారితే తప్ప ఆ మాట వర్తించదన్న భావన నాటుకుపోయింది. దారి మూసేయడాన్నో, పొలం గట్టు జరిపి దున్నుకోవడాన్నో దారుణమంటే వినేవాళ్లు అతిశయోక్తిగా తీసుకుంటారు. హత్యలకూ సజీవ దహనాలకూ దీన్ని విడిచిపెట్టడం మంచిది.

నేను ‘దౌర్జన్యం’ వైపు మొగ్గుతాను. దుర్జనుడి నడత దౌర్జన్యం. బలమున్నవాడు బలం లేనివాడి మీద చేసేది అన్న సూచన ఇందులో ఉంది, చట్టం పట్టించుకునేదీ ఆ తేడానే. భూమి గుంజుకున్నా, దారి ఆపినా, చెయ్యి చేసుకున్నా, తిట్టినా ఈ మాట సరిపోతుంది. లోపమేమిటంటే కులం సంగతి ఇందులో లేదు. పాలోళ్ల (దాయాదుల) పంచాయతీలో కొట్టుకున్నా దౌర్జన్యమనే అంటారు. అందుకని ‘కులం పేరుతో చేసిన దౌర్జన్యం’ అని విడమరచి రాయాలి.

‘అట్రాసిటీ’నే ఉంచేస్తే కులం సంగతి విడిగా చెప్పే పని తప్పుతుంది, ఠాణాలో దాన్ని మరోలా అర్థం చేసుకునే వీలూ ఉండదు. కాకపోతే ఊళ్లో ఆ మాట నేరాన్ని వదిలి కేసుకు పేరైపోయింది. ‘వాడు అట్రాసిటీ చేసిండు’ అని ఎవరూ అనరు, ‘వాని మీద అట్రాసిటీ పెట్టిండ్రు’ అనే అంటారు. చేసినవాడు మాటలోంచి జారిపోయి, ఫిర్యాదు చేసినవాడే కర్తగా మిగిలాడు. ఆ మాటను ఎత్తిపొడుపుగా వాడేవాళ్లకు ఇది బాగా కలిసివచ్చింది. అందువల్ల అర్జీలో ముందు ఎవరు, ఎక్కడ, ఎవరి ఎదుట, ఏమన్నారో, ఏం చేశారో అన్న మాటలు అన్నట్టుగానే రాసి, దాన్ని దౌర్జన్యమని పిలిచి, చట్టం పేరు దగ్గర మాత్రమే అట్రాసిటీ అని రాయడం మేలు.

ఇక పలచబడిన ‘అట్రోషస్’కు వీటిలో ఏదీ అక్కర లేదు. దానికి మన దగ్గర ‘ఖరాబు’ ఉంది. పాడుబడినదనే అర్థంతో అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి, సాగుకు పనికిరాని నేలకు పహాణీ అనే భూమి రికార్డులో ‘పోట్ ఖరాబు’గా నిలిచిన మాట అది. చేతిరాతకైనా, గుంతలు పడిన సడక్‌కైనా అది చాలు.